కాలు కింద పెట్టకుండా

మా వాటా, వెనక వరండా
జూన్ 9

అక్కకి,

బతికే ఉన్నాను, తిట్టకు. రెండు నెలలుగా ఉత్తరం రాయలేదంటే బద్ధకం కాదు, సిగ్గు.

బైండింగు ప్రెస్సు మూతపడ్డాక నాలుగేళ్ళు అక్కడా ఇక్కడా చేసి, కిందటేడు రక్తపరీక్షల ల్యాబులో చేరానని నీకు తెలుసు కదా. పని తేలికే. పొద్దున్న సీలు వేసిన రిపోర్టు కవర్లు నలభై ఇస్తారు. సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి, సంతకాలు పెట్టించుకుని, సాయంత్రానికి ఖాళీ సంచీ అప్పగించాలి. యాభై ఏళ్ళవాడు చెయ్యలేని పనేం కాదు. తొక్కడంలో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఆగడంలో ఉంది.

గేటు దగ్గర ఆగి కాలు కింద పెడతాను. అంతే, ఆ కాలు మళ్ళీ లేవదు. కవరు అందుకున్న మనిషి నా మొహంలోకి చూస్తుంది. "ఏముంది బాబూ ఇందులో?" అంటుంది. నాకు తెలీదంటాను. "చదివి చెప్పు బాబూ, కళ్ళజోడు ఎక్కడో పెట్టాను." మేం చదవకూడదమ్మా అంటాను. "పోనీ నేను తెరిచేదాకా ఒక్క నిమిషం కూర్చో." ఇక్కడే నా వల్ల కాదక్కా. కూర్చుంటాను.

పోయిన నెల గడియారాలు బాగుచేసే ఒకాయన, తన భార్య రిపోర్టు తెరిచి, మడిచి, మళ్ళీ తెరిచి, నా చెయ్యి పట్టుకున్నాడు. రెండున్నర గంటలు వదల్లేదు. కొట్టు గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. చెయ్యి వెనక్కి లాక్కోవడం ఎలాగో నాకు తెలీలేదు. ఆ సాయంత్రం సంచీలో పదమూడు కవర్లు మిగిలిపోయాయి. అందులో ఒకటి మర్నాడు పొద్దున్న ఆపరేషన్ జరగాల్సిన మనిషిది. రిపోర్టు అందక ఆపరేషన్ వాయిదా పడింది. ఆ మనిషి కొడుకు ల్యాబుకొచ్చి అరిచిన అరుపులు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి.

మా సూపర్‌వైజరు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. "అంకుల్, మిమ్మల్ని పెట్టుకున్నది కవర్లు ఇవ్వడానికి, కన్నీళ్ళు తుడవడానికి కాదు. మూడు హెచ్చరికలు అయితే ఇంటికే. ఇది మొదటిది" అన్నాడు. తప్పు అతనిది కాదు.

నువ్వు ఇరవై ఆరేళ్ళు టెలిగ్రాములు పంచావు. ఏ గేటు ముందూ సైకిలు దిగలేదు, కాలు కింద పెట్టలేదు. ఆగిన సైకిలు మీద విగ్రహంలా నిలిచి కాగితం ఇచ్చి, సంతకం తీసుకుని, వెళ్ళిపోయేదానివి. ఊరంతా అదో వింతగా చెప్పుకునేవారు. నేనైతే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ విద్య నాకు నేర్పు. కాలు కింద పడకపోతే నన్నెవరూ కూర్చోమనరు.

ఫోను చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. ఉత్తరంలోనే రాయి.

నీ తమ్ముడు


ఇల్లు, ముందు గది
జూన్ 17

ఒరే బుడంకాయ్,

యాభై ఏళ్ళొచ్చాయని రాశావు. నువ్వు రాస్తే గానీ నాకు తెలీదా? నా పదిహేనేళ్ళ వయసులో నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని. ఆ నడుం నొప్పి ఇప్పటికీ ఉంది.

ఫోను వద్దన్నావు, బతికించావు. ఫోనులో నాకు సగం మాటలు వినబడవు, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. మొన్న ఎదురింటి టైలరమ్మ ఫోన్ చేసి ఏదో అడిగితే అన్నిటికీ ఊఁ కొట్టాను. సాయంత్రానికి నాలుగు జాకెట్లు కుట్టి తెచ్చింది! అయినా ఇన్నేళ్ళు పోస్టాఫీసు ఉప్పు తిన్నదాన్ని, ఉత్తరమే నాకు మర్యాద. టీలో పంచదార మానేశాను.

ఇక నీ విద్య. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నాకు అర్థమైంది, టెలిగ్రాముల్లో సగం చావు కబుర్లని. నా బెల్లు వినబడితే పొయ్యి మీద గిన్నె వదిలేసి గేటు దాకా వచ్చేవారు. దిగితే కూర్చోమంటారు. కూర్చుంటే చదవమంటారు. చదివితే పట్టుకుని ఏడుస్తారు. ఆ తర్వాతి ఇంటి గేటు దగ్గరికి వెళ్ళేసరికి మన మొహం ఎలా ఉంటుందో ఆలోచించు. అక్కడ పెళ్ళి కుదిరిన కబురు ఇవ్వాలి. అందుకని దిగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పోస్టాఫీసు వెనక పార్శిల్ బళ్ళు ఎక్కే వాలు దారి ఉండేది. మధ్యాహ్నం అందరూ తిండి తింటుంటే నేను అక్కడ మూడు వారాలు మోకాళ్ళు చెక్కుకున్నాను.

జాగ్రత్తగా చదువు. కాస్త ఎత్తుగా ఉన్న నేల చూసుకో. ఎత్తు వైపు మొహం పెట్టి మెల్లిగా వచ్చి, ఆగేముందు పెడల్లు రెండూ నేలకి సమంగా పెట్టు. కుడి కాలు ముందుండాలి. ముందు చక్రం ఎడమకి కొంచెం తిప్పు. ముందున్న కాలితో ఇంత ఒత్తితే సైకిలు అంగుళం ముందుకెళుతుంది. ఒత్తడం ఆపితే వాలు దాన్ని అంగుళం వెనక్కి తెస్తుంది. అంతే. చూసేవాళ్ళకి ఆగినట్టు ఉంటుంది గానీ సైకిలు ఎప్పుడూ ఆగదు. బ్రేకు పట్టుకున్నావో, చచ్చావే. చక్రం వైపు చూడకు, గేటు గడియ వైపు చూడు. కూర్చోకు, పిర్రలు సీటు మీంచి ఇంత లేపు. ఊపిరి బిగబట్టకు.

రెండు చేతులతో నిలబడడం వచ్చాక ఒక చెయ్యి వదలడం నేర్చుకో. ఆ చెయ్యే కవరు ఇచ్చే చెయ్యి.

నా మరదల్ని అడిగానని చెప్పు. పడితే ఆడలేక మద్దెల ఓడన్నట్టు సైకిలుని తిట్టకు. టీలో పంచదార మానేశాను.

మీ అక్క


మా వాటా, వెనక వరండా
జూలై 6

అక్కా,

ఇంత బతుకూ బతికి ఇంటి వెనక చచ్చినట్టుంది నా పని. నిజంగా ఇంటి వెనకే. మా వెనక సందు కాస్త వాలుగా ఉంటుంది. రోజూ ల్యాబుకి వెళ్ళే ముందు గంటసేపు అక్కడ పడుతున్నాను. నిలబడుతున్నానని రాయడం లేదు, గమనించు. ఎడమ మోచెయ్యి తోలు లేచింది. సీటు కొన ఎక్కడ తగిలిందో అక్కకి రాయకూడదు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. కుడి కాలు ముందు, చక్రం ఎడమకి. చక్రం తిరగ్గానే దాని వెనక అంచు కుడికి వచ్చి నా చెప్పు కొనకి కొట్టుకుంటోంది. కొట్టుకోగానే పడుతున్నాను. చెప్పులు మార్చాను, వేళ్ళు ముడుచుకుని తొక్కాను. ఉహూఁ.

నీ మరదలు మెట్ల మీద కూర్చుని కూరలు తరుగుతూ చూస్తుంది. నిన్న అంది, "పరిగెత్తే సైకిలు మీంచి పడ్డవాళ్ళని చూశాను గానీ, ఆగిన సైకిలు మీంచి పడేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నానండీ." పక్క వాటావాళ్ళు కిటికీ తెరిచి పెట్టుకుంటున్నారు, ఖర్చులేని వినోదం కదా.

నవ్వులాటకేం గానీ, రెండో హెచ్చరిక వచ్చింది. ఒక ముసలావిడ కవరు అందుకుని మెట్టు మీదే కూలబడింది. లోపల ఎవరూ లేరు. నీళ్ళు తెచ్చి, పక్కింటివాళ్ళని పిలిచి, వాళ్ళ అల్లుడు వచ్చేదాకా ఉన్నాను. తొమ్మిది కవర్లు మిగిలాయి. సూపర్‌వైజరు ఈసారి అరవలేదు. కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నాడు. అరిస్తేనే బాగుండేది. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు చెప్పు? నీ మరదలికి రెండో హెచ్చరిక సంగతి చెప్పలేదు. నువ్వూ రాయకు.

ఒకటి అడగనా? నీ ఉత్తరంలో వరసలు కుడి చివరకొచ్చేసరికి కిందకి జారిపోయాయి. నీ దస్తూరీ స్కేలు పెట్టి గీసినట్టుంటుంది కదా. పంచదార మానేసిన సంగతి రెండుసార్లు రాశావు. అంత గొప్పగా ఉందా?

నీ తమ్ముడు


ఇల్లు
జూలై 19

తమ్ముడికి,

నేను రాసింది రాసినట్టు చెయ్యి. కుడి కాలే ముందు. ఇరవై ఆరేళ్ళు చేసినదానికి నాకు తెలుసా, నెల రోజులుగా పడుతున్నవాడికి తెలుసా? పడేవాడికి ప్రతిదీ అడ్డమే. చెప్పు తగిలితే చెప్పుదా తప్పు?

వరసలు జారడానికి కళ్ళజోడు కారణం. మార్చుకోవాలి. దానికి ఇంత పరిశోధన అక్కర్లేదు. ప్రెస్సులో నువ్వు పుస్తకాలకి దారాలు కుట్టినట్టు నా అక్షరాలని కూడా లెక్కపెట్టి కుడుతున్నావా ఏం?

ఇంకేం విశేషాలు లేవు. ప్రెస్సులో పని ఎలా ఉంది? మీ యజమాని ఇంకా జిగురు గిన్నె తన గదిలోనే దాచిపెట్టుకుంటున్నాడా?

అక్క


మా వాటా, వెనక వరండా
ఆగస్టు 28

అక్కా,

నవ్విన నాపచేనే పండింది! పక్క వాటావాళ్ళు కిటికీ మూసేసుకున్నారు, చూడ్డానికి ఇక ఏమీ లేదు.

కోపం తెచ్చుకోకు. ఒకరోజు విసుగెత్తి, పోనీ తిరగేసి చూద్దామని ఎడమ కాలు ముందు పెట్టి, చక్రం కూడా ఎడమకే తిప్పాను. చెప్పు తగల్లేదు. సైకిలు అలా గాల్లో వేలాడినట్టు నిలబడింది. ఒకటి, రెండు, మూడు అని నీ మరదలు లెక్కపెట్టింది. పదకొండు దాకా వచ్చింది. అక్కా, ఆ పదకొండు లెక్కల్లో నేను ఎక్కడా లేను. ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు, కిందా పడలేదు. ఇన్నేళ్ళలో అంత హాయి నాకెప్పుడూ లేదు.

ఇప్పుడు ఒంటిచేత్తో నిమిషమున్నర నిలబడతాను. మూడు వారాలుగా రోజూ నలభైకి నలభై ఇచ్చేస్తున్నాను. నువ్వు చెప్పింది నిజం, కాలు పెడల్ మీద ఉన్నవాణ్ణి ఎవరూ కూర్చోమనరు. వెళ్ళిపోయేవాడికి ఏం చెప్పుకుంటారు? సూపర్‌వైజరు అందరి ముందూ, "అంకుల్‌ని చూసి నేర్చుకోండి" అన్నాడు.

మొన్న గడియారాలాయన కొట్టుకే ఇంకో కవరు వచ్చింది. వెళ్ళాను. మెట్టు ముందు సైకిలు నిలిపి, చెయ్యి చాచి ఇచ్చాను. ఆయన అందుకుని నా మొహం చూడలేదు. నా కాలు వైపు చూశాడు, పెడల్ మీద ఉన్న కాలు వైపు. సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చాడు. నేను వచ్చేశాను. ఆ రోజు సంచీ అన్నిటికంటే తొందరగా ఖాళీ అయింది. అయినా తిండి సయించలేదు. అలవాటు పడాలి కాబోలు. నీకు ఎన్నాళ్ళు పట్టింది?

ఇంకోటి. ప్రెస్సులో పని ఎలా ఉందని అడిగావు. ప్రెస్సు మూతపడి అయిదేళ్ళవుతోంది. మొదటి ఉత్తరంలో కూడా రాశాను. మొదట వేళాకోళమనుకున్నాను. తర్వాత నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండోదానిలో వరసలు ఇంకా ఎక్కువ జారాయి. నీకు కాళ్ళు చేతులంత బాగా తెలిసిన విషయంలో తప్పు రాశావు. నువ్వు తప్పు రాయవు.

నాతో ఏం దాస్తున్నావు?

నీ తమ్ముడు


ఇల్లు, ముందు గది, కిటికీ పక్కన
సెప్టెంబర్ 12

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నలభైకి నలభై! నా తమ్ముడివనిపించావు అని రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

ప్రెస్సు సంగతి వేళాకోళం కాదు. మర్చిపోయాను. నువ్వు గుర్తు చేశాక కూడా, మూతపడిందని ఎవరి గురించో విన్నట్టుంది.

ఏప్రిల్లో దారపుండ కోసం సందు చివర కొట్టుకి వెళ్ళాను. దారం కొన్నాను. తిరిగి ఇంటికి ఎటు రావాలో తెలీలేదు. ఈ ఊళ్ళో నాకు తెలీని గేటు లేదు, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది ఊరికే మొరుగుతుందో నాకు తెలుసు. అలాంటిదాన్ని నా ఇల్లు నాకు తెలీక కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. టైలరమ్మ చూసి, "ఏంటక్కా, స్తంభంతో కబుర్లా?" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నేనూ నవ్వాను. భయంతో నవ్వాను.

ఎడమ, కుడి కూడా అంతే అయింది. నీకు రాసేటప్పుడు మంచం మీద కాళ్ళు చాపుకుని, చూసుకుని మరీ రాశాను. కాళ్ళకి గుర్తుంది, చేతికి మాట వేరేది వచ్చింది. నెల్లాళ్ళు నిన్ను పడేసింది నేనే. పైగా నీ మీదే ఎగిరాను. మోచెయ్యి మానిందా?

టైలరమ్మ పోరగా పోరగా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గొట్టం లాంటి మిషన్లో పడుకోబెట్టి తలకాయకి ఫోటో తీశారు. రిపోర్టు ఇంటికే పంపిస్తామన్నారు.

ఆగస్టు ఇరవై నాలుగున వచ్చింది. సైకిలు మీద.

బెల్లు వినబడి గేటు దాకా వెళ్ళాను. నీ ఈడు మనిషే. దిగలేదు. చక్రం పక్కకి తిప్పి, కాలు కింద పెట్టకుండా నిలబడ్డాడు. నా అంత బాగా రాదు, హ్యాండిలు వణుకుతోంది. కవరిచ్చాడు. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు. అప్పుడు నా నోటి నుంచి ఏం మాట వచ్చిందో తెలుసా? "ఒక్క నిమిషం ఆగు నాయనా." నేనే అన్నాను! అతను, "ఇంకా చాలా ఇళ్ళున్నాయమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నాది. ఇరవై ఆరేళ్ళు ప్రతి గేటు ముందూ నేను అన్న మాట అక్షరం పొల్లు పోకుండా అదే. మొహం ఎటు పెట్టి అనాలో కూడా అతనికి తెలుసు.

గేటుకి ఇవతలి వైపు నేనెప్పుడూ నిలబడలేదురా. ఇవతల నిలబడితే ఎలా ఉంటుందో అవతల నుంచి తెలీదు. చదవమని కాదు, ఓదార్చమనీ కాదు. తెరిచేటప్పుడు పక్కన ఒక మనిషి ఉంటే చాలు, ఎవరైనా ఫరవాలేదు, పేరు తెలీకపోయినా ఫరవాలేదు. ఇంత చిన్న సంగతి. నువ్వు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నావు. నేను దాన్ని మాన్పించాను.

ఊరు వింతగా చెప్పుకున్నది, నువ్వు చప్పట్లు కొట్టింది, అది గొప్ప కాదురా. భయం. ఒకావిడ నా వెనకాల వీధి మలుపు దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది, "ఒక్క మాట, ఒక్క మాట" అంటూ. నేను తొక్కుతూనే ఉన్నాను. అన్నీ మర్చిపోతున్నాను కదా, అదొక్కటి మర్చిపోతే బాగుండును. పోవడం లేదు.

కవరు రేడియో మీద పెట్టాను. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. తెరవలేదు. టైలరమ్మని పిలవొచ్చు. కానీ ఆవిడ నా మొహం చూసి ఏడుస్తుంది, నేను ఆవిణ్ణి ఓదార్చాలి.

నేర్చుకున్నది వదిలెయ్యమని చెప్పలేను, నీ ఉద్యోగం పోతుంది. వదలొద్దనీ చెప్పలేను. ఏం చెప్పాలో తెలీక ఊరికే రాస్తున్నాను.

మీ అక్క


ల్యాబు, సైకిళ్ళ షెడ్డు
సెప్టెంబర్ 18

అక్కా,

కవరు ముట్టుకోకు. నేను వస్తున్నాను.

ఇవాళే బయల్దేరదామంటే వీల్లేదన్నారు. మా ఇద్దరు సైకిలువాళ్ళు జ్వరంతో పడ్డారు, వాళ్ళ కవర్లలో కొన్ని నేనే ఇస్తున్నాను. ఇరవై ఆరో తారీఖు లోపు కదిలితే అదే మూడో హెచ్చరిక అన్నాడు సూపర్‌వైజరు. నీ మరదలికి అంతా చెప్పాను. మీరు వెళ్ళండి, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం అంది గానీ, అద్దె కాగితం చేతిలో పట్టుకునే అంది. అందుకని ఇక్కడ నలభై బదులు డెబ్భై కవర్లు పంచుతున్నాను. నా అక్క కవరు ఒక్కటీ అక్కడ రేడియో మీద ఉంది. దాని దగ్గరికి మాత్రం వెళ్ళలేను.

గడియారాలాయన భార్య పోయిందట. ల్యాబులో పేరు కొట్టేస్తుంటే చూశాను.

ఎనిమిది రోజులు. అప్పటిదాకా వీధి చివరకి ఒంటరిగా వెళ్ళకు. దారం కావాలంటే టైలరమ్మ దగ్గర ఉంటుంది.

నీ తమ్ముడు


ఇల్లు

బుడంకాయ్,

బడి వదలగానే తిన్నగా ఇంటికి రా. ఆటలకి పోకు. సైకిలు నేర్పమని ఏడవకు, నీ కాళ్ళు ఇంకా అందవు. కాళ్ళు నేలకి అందాక నేర్పుతాను. కాళ్ళు అందకుండా ఎక్కితే ఎలా ఆగుతావురా?

నాకు ఇవాళ ఆలస్యమవుతుంది, ఇంకా చాలా ఇళ్ళున్నాయి. టీలో పంచదార


నీ వంటింటి బల్ల
సెప్టెంబర్ 27, మధ్యాహ్నం

అక్కా,

నువ్వు పక్క గదిలో పడుకున్నావు. ఇది పోస్టు చెయ్యను, రేడియో మీద పెడతాను. నిన్న చెప్పుకున్నవి పొద్దున్నకి సగం చెదిరిపోయాయి, అందుకని రాసి పెడుతున్నాను. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చదువుకో. బల్ల మీద నువ్వు నాకు రాసి, మధ్యలో వదిలేసిన ఉత్తరం దొరికింది. అది నా జేబులో పెట్టుకున్నాను.

నిన్న పొద్దున్న బస్సు మీద సైకిలు వేసుకుని వచ్చాను. సైకిలు ఎందుకు తెచ్చానంటే చెప్పలేను. ఈ మధ్య అది లేకపోతే ఎవరి గేటు దాకా వెళ్ళడమూ చేతకావడం లేదు. బస్టాండు నుంచి తొక్కుకుంటూ వచ్చి నీ గేటు ముందు బెల్లు కొట్టాను. దిగాలి కదా? దిగలేదక్కా. అలవాటు ఎంత పాడుదో చూడు. పెడల్లు సమం చేసి, చక్రం తిప్పి, అలాగే నిలబడిపోయాను. నా అక్క గుమ్మం ముందు!

నువ్వు చెయ్యి తుడుచుకుంటూ వచ్చావు. ముందు నా కాళ్ళు చూశావు. "ఎడమ కాలు ముందు పెట్టావు. మంచిది. హ్యాండిలు గట్టిగా పట్టుకోకు" అన్నావు. తర్వాత నా మొహం చూశావు. చూసి, చెయ్యి చాచి, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగావు.

ఇవ్వడానికి నా దగ్గర కవరు లేదు. నేను ఏమీ ఇవ్వకపోయేసరికి వెళ్ళిపోతాననుకున్నావు. గేటు ఊచలు పట్టుకుని, "ఒక్క నిమిషం ఆగు నాయనా" అన్నావు.

కాలు కింద పెట్టానక్కా. రెండు కాళ్ళూ పెట్టాను. అప్పుడు కూడా నువ్వు నన్ను గుర్తుపట్టలేదు. కానీ గేటు తీశావు. ఎవరో తెలీనివాడికి కుర్చీ వేసి, టీ పెట్టి ఇచ్చావు. సగం టీ అయ్యాక, "ఒరే బుడంకాయ్, మోచెయ్యి మానిందా?" అన్నావు. నేను ఏడుస్తుంటే టీ ఒలుకుతుందని కసురుకున్నావు.

తర్వాత కవరు తెరిచాం. నువ్వే చింపావు. మూడు పేజీలు. నేను చదువుతుంటే చెయ్యి ఎత్తి ఆపావు. "నా సర్వీసులో ఇంత పొడుగు టెలిగ్రాం ఎవరికీ ఇవ్వలేదు. తగ్గించి చెప్పు" అన్నావు. నేను ఇన్నాళ్ళూ ఎవరి రిపోర్టూ చదవలేదు. మొదటిసారి చదివింది నీది. మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో తెలిసేలా, నీకు చెప్పిన మూడు మాటలే ఇక్కడ రాస్తున్నాను. గడ్డ. లోపల. తియ్యలేరు.

అది విని, "పంపినవాళ్ళెవరో పేరు లేదేం?" అన్నావు. నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. గడియారాలాయన నా చెయ్యి ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది. వదిలితే ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ ఉండదు.

ఎన్నాళ్ళని అందులో రాయలేదు. రేపు టైలరమ్మతో కలిసి డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. ఆయనైనా ఏం చెప్తాడో నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా వెళుతున్నాం. ల్యాబుకి ఇక రానని రాసేశాను. మూడో హెచ్చరిక వాళ్ళ దగ్గరే ఉండనీ. నీ మరదలు సామాను కట్టుకుని వచ్చేవారం వస్తుంది. అద్దె వాటా ఖాళీ చేస్తాం. నీకు కోపం వచ్చినా సరే. ఇవేవీ నిన్ను బాగుచెయ్యవని నాకు తెలుసు. నాకు ఇంకేమీ చేతకాదు.

లేచాక ఇంట్లో ఎవరో ఉన్నట్టు చప్పుడైతే కంగారు పడకు, నేనే. మొహం గుర్తు రాకపోతే అడుగు, ఎన్నిసార్లయినా చెబుతాను. వెళ్ళిపోయాననుకుంటావేమో, కిటికీలోంచి గేటు వైపు చూడు. సైకిలుకి స్టాండు వేసి, తాళం కూడా వేశాను.

నీ తమ్ముడు